ఎర్రనేల మీద కూజా మొక్క

కూజా మొక్కను మొదటిసారి చూసినవారు ఆ కూజాను పువ్వు అనుకుంటారు. అది పువ్వు కాదు, ఆకు. ఆకు కొస నుంచి నులితీగ ఒకటి సాగుతుంది. ఆ తీగ కొన ఉబ్బి, లోపల బోలుగా మారి, అడుగున కొద్దిగా ద్రవం నింపుకొని, పైన మూతతో సహా చిన్న కూజా రూపం దాలుస్తుంది. వృక్షశాస్త్ర పాఠాల ప్రకారం పచ్చగా, వెడల్పుగా ఆకులా కనిపించే భాగం ఆకు అడుగు విస్తరించిన రూపం. అసలు పత్రదళమే కూజాగా మారింది. దాని కొస మూత అయింది. పువ్వులు వేరుగా, సన్నని కంకులుగా వస్తాయి. మగ పువ్వులు ఒక మొక్కకు, ఆడ పువ్వులు మరో మొక్కకు పూస్తాయి. వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే చూపంతా కూజా మీదే ఉంటుంది.

ఈ మొక్కల ప్రజాతి పేరు నెపంథిస్. 1658లో మడగాస్కర్ గురించి రాసిన ఫ్రెంచి అధికారి ఎతియెన్ ద ఫ్లాకూర్ గ్రంథంలో దీని వర్ణన ఉంది. దుఃఖాన్ని మరిపించే పానీయానికి హోమర్ వాడిన గ్రీకు మాట నుంచి లిన్నేయస్ ఈ పేరు తీశాడు. 1753లో శ్రీలంక జాతికి నెపంథిస్ డిస్టిల్లటోరియా అని పేరు పెట్టాడు. ఇప్పటికి గుర్తించిన జాతులు నూట డెబ్భైకి పైమాటే. అత్యధికం బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ దీవులవి. భారతదేశంలో సహజంగా పెరిగేది ఒక్కటే, మేఘాలయ కొండల్లోని నెపంథిస్ ఖాసియానా. ఖాసీలు దాన్ని తియూ రాకోట్ అంటారు, రాక్షస పువ్వు అని అర్థం. గారోలు మేమాంగ్ కోక్సి అంటారు, అంటే దయ్యం బుట్ట. పేర్లు పెట్టినవారు కూజాలో పడి నానిన పురుగుల్ని చూసే పెట్టి ఉంటారు.

ఆకు ఎందుకు కూజా అయింది?

మొక్కలు ఎండ నుంచి శక్తిని, గాలి నుంచి కర్బనాన్ని తీసుకుంటాయి. నత్రజని, భాస్వరం మాత్రం నేల నుంచే రావాలి. కుండపోత వానలు పడే కొండవాలుల్లో, ఇసుక నేలల్లో, బురద మడుగుల్లో ఆ లవణాలు కొట్టుకుపోతాయి. నేలలో దొరకని నత్రజనిని పురుగుల శరీరాల నుంచి రాబట్టుకోవడమే కీటకాహార మొక్కల మార్గం. ఇందుకు పెట్టుబడి ఎక్కువ. కూజాగా మారిన ఆకు మామూలు ఆకంత సమర్థంగా ఆహారం తయారుచేయలేదు. 1984లో థామస్ గివ్నిష్, ఆయన సహచరులు ఈ లెక్కను సిద్ధాంతంగా నిలిపారు. ఎండ, తడి సమృద్ధిగా ఉండి ఎరువు మాత్రమే కొరవడిన చోటే ఈ పెట్టుబడి గిట్టుబాటు అవుతుంది. నీడ ఉన్నా, తడి లేకపోయినా మొక్క నష్టపోతుంది.

చిలమత్తూరు మండలం నేలకు ఈ సిద్ధాంతాన్ని వర్తింపజేస్తే విషయం తేటపడుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి విడివడింది. అందులో కర్ణాటక సరిహద్దున, 44వ జాతీయ రహదారిని ఆనుకొని ఈ మండలం ఉంది. పక్కనే లేపాక్షి, హిందూపురం. సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తున రాతిగుట్టలు, ఎర్రనేలలు, వేరుశనగ చేలు. ఎండకు కొదవ లేదు. ఎర్రనేలలో నత్రజని తక్కువే. లేనిది తడి ఒక్కటే. పడమటి కనుమల వాననీడలో పడిన పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఖాసీ కొండల్లోని మాసిన్‌రామ్‌లో అది పదకొండు వేలు దాటుతుంది.

అయినా దక్కన్ పీఠభూమి కీటకాహార మొక్కలకు పూర్తిగా పరాయి నేల కాదు. వానలు పడి రాతిబండల అంచున నీళ్లు ఊరే కొద్ది నెలల్లో ఇసుక చెమ్మల మీద డ్రాసిరా మొక్కలు మొలుస్తాయి. నేలకు అంటుకుని రూపాయి బిళ్లంత గుండ్రంగా పరుచుకునేది డ్రాసిరా బర్మానై. సన్నని ఆకులతో నిలువుగా లేచేది డ్రాసిరా ఇండికా. ఆకుల నిండా జిగురు బొట్లు మెరుస్తుంటాయి, వాటికి దోమంత పురుగులు అంటుకుని ఉంటాయి. పక్కనే నీటి చెమ్మలో యుట్రిక్యులేరియా చిన్న పూలతో కనిపిస్తుంది. దాని ఉచ్చులు మట్టిలో దాగిన సూదిమొనంత తిత్తులు. నేల ఆరగానే ఇవన్నీ గింజలు రాల్చి మాయమవుతాయి. తడి ఉన్నంతకాలమే వ్యాపారం, తర్వాత దుకాణం మూత. ఏళ్లపాటు బతికే తీగ అయిన నెపంథిస్‌కు ఆ వెసులుబాటు లేదు. దానికి పన్నెండు నెలలూ తడి కావాలి. ఈ సీమలో ఇంటి దగ్గర కూజా మొక్కను పెంచడమంటే ముఖ్యంగా నీటిని, గాలిలో తేమను సమకూర్చడమే. పురుగుల సంగతి అదే చూసుకుంటుంది.

ఉచ్చు పనిచేసే తీరు

కూజా మూతి చుట్టూ గాడులు గాడులుగా, మెరుస్తూ ఉండే అంచును పెరిస్టోమ్ అంటారు. తేనె గ్రంథులు దాని లోపలి కొసనా, మూత కింది వైపునా ఉంటాయి. చీమలు తేనె కోసం వచ్చి అంచున నిలబడతాయి. పొడిగా ఉన్న అంచు మీద అవి జారవు. ఎక్కి, తాగి, క్షేమంగా వెళ్లి, తోటి చీమల్ని వెంటబెట్టుకొస్తాయి. అంచు తడిస్తే మాత్రం ఆ సూక్ష్మమైన గాడుల్లో నీరు పలుచని పొరగా పరుచుకుంటుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద బండి చక్రం పట్టు తప్పినట్టు చీమ కాళ్లు పట్టు తప్పుతాయి. 2004లో హోల్గర్ బోన్, వాల్టర్ ఫెడర్లె ఈ సంగతిని ప్రయోగాలతో రుజువు చేశారు. తేమ తగ్గిన ఇళ్లలో కూజాలు ఖాళీగా ఉండటానికి ఒక కారణం ఇక్కడే ఉంది. పొడి అంచు పురుగును పట్టలేదు.

చాలా జాతుల్లో అంచు కింద మైనపు గోడ ఉంటుంది. పడిన పురుగు పైకి పాకబోతే మైనపు పొలుసులు ఊడి కాళ్లకు అంటుకుంటాయి. అడుగున ద్రవంలో ఆమ్లం, మాంసకృత్తుల్ని విడగొట్టే నెపంథిసిన్ అనే ఎంజైము, పురుగు పెంకును కరిగించే కైటినేజులు ఉంటాయి. 1874లో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో జోసెఫ్ డాల్టన్ హుకర్ తన ప్రయోగాలను వివరించాడు. కూజాల్లో వేసిన గుడ్డు తెల్లసొన, మాంసం ముక్కలు ఎలా కరిగాయో చెప్పాడు. అంతకు ఏడాది ముందు మన ఖాసీ జాతికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా ఆయనే. 1875లో వచ్చిన డార్విన్ కీటకాహార మొక్కల గ్రంథంలో మాత్రం సింహభాగం డ్రాసిరాదే. ఖాసియానా గురించి మన దేశపు ముఖ్యమైన పరిశోధన కేరళలో జరిగింది. తిరువనంతపురం దగ్గరి పాలోడ్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, అతినీలలోహిత కాంతిలో దాని అంచు నీలిరంగు వెలుగు చిమ్ముతుందని 2013లో ప్రకటించారు. ఆ వెలుగు కనిపించకుండా కప్పేస్తే కూజాలో పడే పురుగుల సంఖ్య బాగా తగ్గింది.

ఏ మొక్క ఏది?

ముందు కూజా మొక్క కానివాటిని పక్కన పెట్టాలి. అనంతపురం చేలగట్ల మీద పెరిగే గాడిదగడపాకు పువ్వు కూడా గొట్టంలా ఉంటుంది, దానిలోనూ ఈగలు ఇరుక్కుంటాయి. అది నిజంగా పువ్వే. పుప్పొడి పని పూర్తయ్యాక లోపలి వెంట్రుకలు వాడిపోతాయి, ఈగ బయటపడుతుంది. దాని చుట్టాలైన అలంకారపు తీగల్ని నర్సరీల్లో కొన్నిచోట్ల కూజా మొక్కలంటూ చూపిస్తారు. కూజా ఆకు కొసన వేలాడుతోందా, పువ్వు కాడకు వచ్చిందా అన్నది చూస్తే అనుమానం తీరుతుంది.

నిజమైన కూజా మొక్కల్లోనూ అన్నీ నెపంథిస్‌లు కావు. అమెరికా తూర్పు తీరపు సరసేనియాకు నులితీగ ఉండదు. బాకా ఊదే గొట్టాల్లా కూజాలు నేల నుంచే నిటారుగా లేస్తాయి. వెనిజులా బల్లపరుపు కొండల హీలియాంఫోరాకు మూత చిన్న చెంచా అంత మాత్రమే. కాలిఫోర్నియా, ఆరెగాన్‌ల డార్లింగ్టోనియా పడగ విప్పిన నాగుపామును తలపిస్తుంది. నైరుతి ఆస్ట్రేలియా సెఫలోటస్ కూజాలు బొటనవేలంత. వీటిలో ఏదీ చిలమత్తూరుకు నప్పదు. సరసేనియాకు మూడు నాలుగు నెలల గట్టి చలి నిద్ర అవసరం. డార్లింగ్టోనియా వేళ్లకు ఎండాకాలంలోనూ చల్లని నీరు పారుతుండాలి. హీలియాంఫోరా ఏసీ గదిలో తప్ప బతకదు. కొనుగోలు చేసేవారు ఫొటో చూసి కాక, మొక్క పుట్టిల్లు ఎక్కడో తెలుసుకొని ఎంచుకోవడం మేలు.

నెపంథిస్ జాతుల్ని గుర్తించడంలో మొదటి చిక్కు ఏమిటంటే, ఒకే మొక్క రెండు రకాల కూజాలు వేస్తుంది. లేతగా నేల దగ్గర ఉన్నప్పుడు వచ్చే కింది కూజాలు బొద్దుగా ఉంటాయి. వాటి ముందువైపు నిలువుగా రెండు రెక్కలు, వాటికి కుచ్చుల్లాంటి వెంట్రుకలు ఉంటాయి. నులితీగ కూజా ముందువైపు నుంచి వచ్చి కలుస్తుంది. తీగ పైకి పాకాక వచ్చే పై కూజాలు సన్నగా గరాటు ఆకారంలో ఉంటాయి. రెక్కలు రెండు గీతలుగా మిగులుతాయి. నులితీగ వెనకవైపు నుంచి కలుస్తుంది, దారిలో కొమ్మల్ని చుట్టుకుంటుంది. ఒకే కుండీలోని ఈ రెండింటినీ రెండు జాతులుగా భ్రమపడటం మామూలే. అందుకే కూజా ఆకారం ఒక్కటే చూడకూడదు. ఆకుకు కాడ ఉందా, కాండాన్ని నేరుగా పట్టుకుందా? ఆకు అంచు నునుపా, నూగు ఉందా? పెరిస్టోమ్ ఎంత వెడల్పు, దాని మీద చారలున్నాయా? మూత ముందుకు వంగిందా, వెనక్కి వాలిందా? మూత వెనక ముల్లులాంటి మొన ఎలా ఉంది? వీటన్నిటినీ కలిపి చూడాలి. భూతద్దం ఒకటి దగ్గరుంటే పని సులువవుతుంది.

మన నర్సరీల్లో వేలాడే కుండీల్లో ఎక్కువగా అమ్మేది వెంట్రాటా అనే సంకరం. ఫిలిప్పీన్స్ జాతులు రెంటిని కలిపి పుట్టించినది. కూజా నడుము నొక్కినట్టు సన్నబడి, కింద ఉబ్బి ఉంటుంది. లేత ఆకుపచ్చ మీద ఎరుపు జీర, అంచు ఎర్రగా నిగనిగలాడుతుంది. ఆకులు సన్నగా పొడవుగా ఉంటాయి. నడుము ఇంకా బిగుతుగా, రెక్కలే లేకుండా ఉంటే దాని తల్లిదండ్రుల్లో ఒకటైన వెంట్రికోసా కావచ్చు. పెద్ద కూజా మీద ఎర్రటి మచ్చలు, వెడల్పాటి చారల అంచు, కుచ్చుల రెక్కలు ఉంటే అది మిరాండా అనే సంకరం అయ్యే అవకాశం ఎక్కువ. ఆకు పలుచగా కాగితంలా ఉండి, లేత ఆకు అంచున సన్నని నూగు కనిపిస్తే మిరాబిలిస్. దక్షిణ చైనా నుంచి ఆస్ట్రేలియా దాకా విస్తరించిన జాతి అది. గుండ్రని బుడ్డిలాంటి కూజాలు నేల మీద గుంపుగా కూర్చుని, సన్నని మూత పూర్తిగా వెనక్కి వాలి ఉంటే ఆంపుల్లారియా. ఈ చివరిది విశేషమైన మొక్క. మూత తెరుచుకుని ఉండటం వల్ల పైనుంచి రాలే ఆకులు నేరుగా కూజాల్లో పడతాయి, ఆ ఆకుల కుళ్లు నుంచి కూడా అది నత్రజని తీసుకుంటుంది. మాంసాహారి శాకాహారం వైపు మళ్లిన అరుదైన ఉదాహరణ.

ఖాసియానా కూజా పొడవుగా గొట్టంలా, పచ్చగా లేదా ఎర్రజీరతో ఉంటుంది. అంచు సన్నగా ఉంటుంది. అందంలో బోర్నియో జాతులతో పోటీ పడదు గానీ మన దేశపు ఏకైక కూజా మొక్క అన్న ఒక్క మాట చాలు, దానికి వేరే గొప్పతనం అక్కర్లేదు. అది అంతరించే ప్రమాదంలో ఉంది. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో చేరింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ఆరు రకాల మొక్కలకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. వాటిలో ఒకటి ఈ కూజా మొక్క, మరొకటి మన శేషాచలం కొండల ప్రాంతానికే పరిమితమైన బెడ్డోమ్ సైకస్. అడవి నుంచి తేవడమే కాదు, లైసెన్సు లేకుండా పెంచి అమ్మడం కూడా నేరమే. కాబట్టి ఇంటి సేకరణకు సంకరాలే సరైన ఆరంభం. అవి కోత ముక్కల నుంచీ టిష్యూకల్చర్ నుంచీ వస్తాయి, వాటి వెనక ఏ కొండా బోసిపోదు.

నీళ్లు

కూజా మొక్క చిలమత్తూరులో చచ్చిపోతే నేరం దాదాపు ఎప్పుడూ నీటిదే. లక్షలాది ఏళ్లు లవణాలు లేని నేలల్లో బతికిన వేళ్లు అవి. ఉన్న కాస్త లవణాన్నీ ఒడిసిపట్టడానికి అలవాటుపడ్డాయి, ఎక్కువైతే అడ్డుకోవడం వాటికి రాదు. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. కలం అంత మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఈ మొక్కలకు లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు నీరు ఉత్తమం, 100 వరకు సర్దుకుంటాయి. రాతి పొరల్లోంచి తోడే ఇక్కడి బోరు నీళ్లలో అది అనేక చోట్ల 500 దాటుతుంది. బిందె అడుగున తెల్లగా పేరుకునే పొరే అందుకు సాక్ష్యం. అవే నీళ్లు రోజూ కుండీలో పోస్తే నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. కొన్ని నెలలకు ఆకుల కొసలు మాడి, వేళ్లు నల్లబడి, కొత్త ఆకులు కూజా వేయడం మానేస్తాయి. మరిగించినా ఈ ఉప్పులన్నీ పోవు.

ఆర్వో నీళ్లు పనికొస్తాయి. కానీ ఒక లీటరు మంచినీటికి అంతకంటే ఎక్కువ నీటిని యంత్రం బయటికి పారబోస్తుంది. కరువు నేలలో అలంకారపు మొక్క కోసం ఆ ఖర్చు సమంజసం అనిపించదు. ఏసీ గొట్టం నుంచి కారే నీరు లవణాల లెక్కలో శుద్ధమైనదే. అన్నిటికంటే మేలైనది వాననీరు. వానే తక్కువైన చోట వాననీటి మీద ఆధారపడమనడం వింతగా తోచవచ్చు, లెక్క మాత్రం వేరే చెబుతుంది. పది చదరపు మీటర్ల మిద్దె మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే 5,500 లీటర్లు. ఐదో వంతు వృథా అయినా 4,400 మిగులుతుంది. ఒక కుండీకి రోజుకు అర లీటరు వేసుకున్నా ఏడాదికి 180 లీటర్లు చాలు. కరువు సీమలో చిన్న మిద్దె ముక్క మీద పడే వాన ఇరవై నాలుగు కూజా మొక్కల్ని ఏడాది పొడవునా పోషించగలదు. కష్టం వాన పడకపోవడంలో లేదు, దాన్ని నిలవ చేసుకోవడంలో ఉంది. ఇక్కడ వానలకు గట్టి నెల సెప్టెంబరు. నవంబరు నుంచి మే నెలాఖరు దాకా లెక్కిస్తే రమారమి రెండు వందల రోజులు. అంటే రెండు కుండీలకు రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒకటి. మొదటి వాన దుమ్మును కడిగేస్తుంది, ఆ నీటిని వదిలేయాలి. తర్వాతి నీటిని బట్టతో వడగట్టి, వెలుగు చొరని డ్రమ్ములో, దోమ దూరకుండా మూసి ఉంచాలి. వెలుగు తగిలితే పాకుడు పడుతుంది.

కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచే అలవాటు సరసేనియాకు సరిపోతుంది, నెపంథిస్‌కు కాదు. దాని వేళ్లకు తడీ కావాలి, గాలీ కావాలి. పైనుంచి ధారాళంగా పోసి, అడుగు రంధ్రాల్లోంచి పారనివ్వాలి. పళ్లెం లేకపోతే డెంగీ దోమకు చోటూ ఉండదు.

కుండీ, గాలి, ఎండ

మామూలు మట్టి, పశువుల ఎరువు, వానపాముల ఎరువు, డీఏపీ, యూరియా వీటిలో ఏదీ కుండీలోకి రాకూడదు. ఇది పెంపకందారుకు అన్నిటికంటే కష్టమైన నియమం, ఎందుకంటే మొక్క చిక్కినప్పుడల్లా చేయి ఎరువు సంచి వైపే వెళ్తుంది. స్ఫాగ్నమ్ నాచు, పెర్లైట్ సగం సగం కలిపితే శ్రేష్ఠం. నాచు ఖరీదు అనుకుంటే కొబ్బరి చిప్స్, కోకోపీట్, పెర్లైట్, కొద్దిగా కట్టెబొగ్గు ముక్కలు. కోకోపీట్‌లో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. కడిగిన నీటిలో మీటరు ముంచి, అంకె దిగివచ్చేదాకా నానబెట్టి పిండుతూ ఉండాలి. రెండేళ్లకోసారి మిశ్రమం మార్చాలి.

తర్వాతి సమస్య గాలి. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో వేడి 38 డిగ్రీలకు చేరి, గాలిలో తేమ 25 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఆ గాలి ఆకులోని నీటిని లాగే బలం, 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి బలం కంటే ఆరున్నర రెట్లు. వేళ్లు ఎంత తోడినా ఆ లాగుడుకు సరిపోదు. మొక్క ముందుగా వదులుకునేది కూజానే. నులితీగ కొసన బుడిపె గోధుమరంగుకు తిరిగి ఎండిపోతుంది. ఆకు పచ్చగానే ఉండి కూజా మాత్రం రాకపోతే తేమ తక్కువైందని అర్థం.

అదే పొడిగాలిని ఉపయోగించుకునే దారి కూడా ఉంది. పొడిగాలిలో నీరు వేగంగా ఆవిరవుతుంది, ఆవిరయ్యే నీరు చల్లబరుస్తుంది. 38 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్న గాలిలో తడిబట్ట సిద్ధాంతరీత్యా 23 డిగ్రీల దాకా చల్లబడగలదు. మట్టి కూజాలో మంచినీళ్లు చల్లబడే సూత్రమే ఇది. ప్లాస్టిక్ కుండీని పెద్ద మట్టి కుండలో దించి, మధ్య ఖాళీని ఇసుకతో నింపి ఆ ఇసుకను తడుపుతూ ఉంటే వేళ్ల దగ్గర వేడి తగ్గుతుంది, చుట్టూ కొంత తేమ లేస్తుంది. వరండాలో గోనెపట్టాలు వేలాడదీసి తడిపినా అదే ఫలం. ఈ ఇసుకకు, గోనెలకు బోరు నీళ్లు నిక్షేపంగా వాడవచ్చు, వేళ్లను తాకనంతవరకు. రెండు నీళ్ల మధ్య ఈ పనుల పంపకం తెలిస్తే డ్రమ్ములోని వాననీరు మేనెల దాకా వస్తుంది. బోరు నీటిని ఆకుల మీద చిలకరిస్తే మాత్రం తెల్లమచ్చలు మిగులుతాయి. గాజుపెట్టెలో పెట్టి మూస్తే తేమ నిలుస్తుంది. అయితే దాని మీద సూటిగా ఎండ పడితే లోపలి మొక్క గంటలో ఉడికిపోతుంది, నీడలోనే ఉంచాలి.

ఎండ విషయంలో తూర్పు వరండా ఉత్తమం. ఉదయపు లేత ఎండ రెండు మూడు గంటలు, తర్వాత వెలుతురు నీడ. మిద్దె మీదైతే యాభై శాతం షేడ్‌నెట్ కింద, పిట్టగోడ చాటున. వెలుతురు తగ్గితే ఆకులు పొడవుగా, ముదురు పచ్చగా సాగి కూజాలు ఆగుతాయి. ఎక్కువైతే ఆకులు ఎర్రబడి, తర్వాత మాడతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ పీఠభూమి మీద వీచే గాలుల బలం జిల్లాలోని గాలిమరలే చెబుతాయి. ఆ మూడు నెలలు వేలాడే కుండీని గోడ వారకు చేర్చాలి, లేకపోతే నులితీగలు విరుగుతాయి. ఎత్తైన ప్రాంతం కావడంతో రాత్రులు చల్లబడటం ఇక్కడి అదృష్టం. వెంట్రాటా వంటి సంకరాలు పగటి వేడిని తట్టుకోవడానికి ఆ చల్లదనం తోడ్పడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీలకు దిగినా వాటికి హాని లేదు. ఆంపుల్లారియా వంటి పల్లపు జాతుల్ని మాత్రం ఆ నెలల్లో ఇంట్లోకి తేవాలి.

మేపవచ్చా?

వరండాలో వేలాడే మొక్కకు ఎవరూ తిండి పెట్టనక్కర్లేదు. చీమలు, ఈగలు, దీపపు పురుగులు వాటంతటవే వస్తాయి. గాజుపెట్టెలో ఉన్నదానికి రెండు వారాలకోసారి ఒక కూజాలో ఒక చిన్న పురుగు చాలు. మాంసం, గుడ్డు, పాలు వేయడం పిల్లలకు సరదా, మొక్కకు చేటు. కూజా కుళ్లి వాసన వేస్తుంది. హుకర్ వేసినవి చిటికెడు ముక్కలని గుర్తుంచుకోవాలి. పార్శిల్‌లో వచ్చేటప్పుడు ద్రవం ఒలికిపోయిన కూజాల్లో అడుగున కాస్త వాననీరు పోస్తే అవి ఎండిపోకుండా ఉంటాయి. ఎండిన భాగాన్ని కత్తిరించవచ్చు, పచ్చగా ఉన్నంతవరకు కూజాను ముట్టకూడదు. ఒక్కో కూజా ఆయుష్షు కొద్ది నెలలే. పాతవి ఎండుతూ కొత్తవి వస్తుంటే మొక్క ఆరోగ్యంగా ఉన్నట్టే.

పురుగుల్ని తినే మొక్కకూ పురుగుల బెడద తప్పదు. పిండినల్లి ఆకు మొదట్లో తెల్లని దూదిలా చేరుతుంది. పేనుబంక, తామర పురుగులు లేత చిగురును వంకర తిప్పుతాయి. ఎండాకాలంలో ఎర్రనల్లి వస్తుంది. వేరుశనగ, మల్బరీ పండించేవారికి ఇవన్నీ పాత పరిచయాలే. పిండినల్లిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేస్తే చాలు. మందు కొట్టక తప్పనప్పుడు కూజాల మూతులు దూదితో మూసి, నీరెండలో పలుచగా కొట్టాలి.

రెండు మూడేళ్లకు వెంట్రాటా తీగ మీటరు దాటి, కింది ఆకులు రాలి, బోసిగా తయారవుతుంది. అప్పుడే కోత ముక్కలకు సమయం. సెప్టెంబరు వానల్లో గాలి చెమ్మగా ఉన్నప్పుడు, రెండు మూడు కణుపులున్న ముక్కను పదునైన బ్లేడుతో ఏటవాలుగా కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, తడి నాచులో గుచ్చాలి. పైన పారదర్శకమైన సంచి తొడిగి నీడలో ఉంచితే నెలన్నర, రెండు నెలల్లో వేళ్లు వస్తాయి. నల్లగా, దారాల్లా పెళుసుగా ఉండే ఆ వేళ్లు చూసి కుళ్లాయని పారేయకూడదు, ఆరోగ్యమైన వేళ్ల రంగే అది. నరికిన మోడు నుంచి కూడా కొత్త పిలకలు లేస్తాయి. విత్తనాల సంగతి వేరు. మగ, ఆడ మొక్కలు రెండూ ఒకే సమయంలో పూయాలి. దారప్పోగుల్లాంటి ఆ తేలికపాటి గింజలు తాజాగా ఉన్నప్పుడే తడి నాచు మీద చల్లాలి, నిలవ ఉంటే మొలక శక్తి త్వరగా పోతుంది. వారాలు గడిచాక మొలిచిన మొక్కకు బీజదళాల తర్వాత వచ్చే మొదటి ఆకే కూజాగా వస్తుంది. మినపగింజ కంటే చిన్నది, చూడాలంటే భూతద్దం కావాలి. దాని మూతికి అప్పటికే మూత ఉంటుంది.